వారము ముందే వచ్చిన పండుగ

దీపావళి ఏ తేదీన రావలెనో మన వర్తకులు నిర్ణయింపలేరు. అధికమాసము పడిన ఏడు పండుగలు వెనుకకు పోవును. పండుగ బేరము కొరకు సరుకు దింపుకొన్న బట్టల వర్తకుడు పంచాంగకర్త వద్దకు పోయి, “అయ్యా, ఈసారి ఒక వారము ముందు పెట్టండి” అని అడిగినట్లు ఎవరును విని ఉండరు. అమెరికాలో మాత్రము అటువంటి కోరిక ఒకటి నిజముగానే దేశాధ్యక్షుని వద్దకు పోయినది. ఆయన దానిని మన్నించినారు కూడ. ఆ ముచ్చట శ్రోతలు వినదగినది.

అమెరికాలో ‘థాంక్స్‌గివింగ్’ అను పండుగ కలదు. పంటలు ఇంటికి వచ్చిన పిమ్మట కుటుంబమంతయు ఒకచోట కూడి, భగవంతునికి కృతజ్ఞత చెప్పి విందారగించు దినమది. 1863లో అబ్రహాం లింకన్ నవంబరు నెలలోని కడపటి గురువారమును ఇందులకు ప్రకటించినది మొదలు అధ్యక్షులు చాలవరకు ఆ ఆచారమునే పాటించుచు వచ్చినారు. ఈ పండుగ గడచువరకు క్రిస్మస్ సరుకుల ప్రకటనలు చేయుట మర్యాద కాదని వర్తకులలో ఒక కట్టుబాటు ఉండెడిది. చట్టము లేదు, శిక్ష లేదు. అయినను అందరును దానికి లోబడి ఉండెడివారు. కావున క్రిస్మస్ బేరమునకు ఎన్ని దినములు దొరకునో ఈ ఒక్క గురువారమును బట్టి తేలును.

1939లో నవంబరునకు ఐదు గురువారములు వచ్చినవి. కడపటిది 30వ తేదీ. అటుపిమ్మట క్రిస్మస్‌కు ఆదివారములు పోగా 20 దినములే బేరము. ఆర్థికమాంద్యము ఇంకను పూర్తిగా తొలగని కాలమది. 1933లోను ఇట్లే జరిగినప్పుడు పెద్ద వర్తకులు మొరపెట్టుకొన్నారు గాని, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు వినలేదు. ఈసారి విన్నారు. పండుగను 23వ తేదీకి జరుపుచున్నట్లు ఆగస్టు నెలలో ప్రకటించినారు. వర్తకులకు ఆరు దినముల బేరము అదనముగా దొరికినది.

ఇక్కడ ఒక చిత్రము జరిగినది. వర్తకుల మేలు కొరకు చేసిన ఈ మార్పును చిన్న దుకాణదారులలో పలువురు వలదన్నారు. న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ ప్రాంతమున మగవారి దుస్తులమ్ము ఒక చిన్న వర్తకుడు అధ్యక్షునికే ఉత్తరము వ్రాసినాడు. అతని వాదము ఇది: గడువు కురచైన ఏడు జనమంతయు ఒక్కసారిగా పెద్ద దుకాణముల మీద పడును, అక్కడ సందు దొరకనివారు విసిగి, తమ వీధిలోని చిన్న దుకాణమునకు వత్తురు. గడువు పెంచినచో పెద్దవారి వద్ద ఆ ఒత్తిడి తగ్గిపోవును. పొంగి పొరలి వచ్చునది చిన్నవారికి మిగలదు. ఆర్థికశాస్త్ర గ్రంథములు చదివి వ్రాసిన ఉత్తరము కాదది. గల్లాపెట్టె దగ్గర కూర్చుండి తెలిసికొన్న సంగతి. ఈ మొత్తము వివాదములో నాకు అన్నిటికన్న బరువుగా తోచిన వాక్యములు ఆ దుకాణదారునివే.

అతని భయమునకు ఆధారము లేకపోలేదు. ఊరూర శాఖలు తెరచిన గొలుసు దుకాణములు టోకున చవుకగా కొని, చిల్లర వర్తకుని నోట మట్టికొట్టుచున్నవని అప్పటికి చాలకాలముగా మొర వినిపించుచుండెడిది. ఒకే సరుకును పెద్దవారికి ఒక ధరకు, చిన్నవారికి వేరొక ధరకు అమ్ముటను అరికట్టుటకు 1936లో రాబిన్‌సన్–పాట్మన్ చట్టము చేయవలసి వచ్చినది. ఆడంబరములోను ఆ పెద్దవారితో చిన్నవాడు పోటీపడలేడు. న్యూయార్కులోని మేసీ దుకాణము 1924 నుండి పండుగనాడు నడివీధిలో ఊరేగింపు నడిపించుచుండెను. వీధి మొగనున్న కొట్టువానికి ఏనుగులెక్కడివి, బాకాలెక్కడివి? అతనికున్నది ఇరుగుపొరుగు పరిచయము, అద్దాల బీరువాకు కట్టిన నాలుగు రంగుకాగితములు, కొత్తసంవత్సరమునకు తన పేరు అచ్చువేయించి పంచిపెట్టు క్యాలెండరు. ఆ క్యాలెండర్లకు కూడ చిక్కు వచ్చినది. పండుగ పాత తేదీతోనే అవి ముందుగా అచ్చయిపోయినందున ముద్రాపకులు గగ్గోలుపెట్టినారు.

క్షౌరశాలలు, స్త్రీల కేశాలంకరణశాలలు ఈ వాదమున ఎక్కువగా వినబడవు గాని, వారి లెక్క మరింత కఠినము. బట్టలవానికి నేడు అమ్ముడుపోని చొక్కా రేపైన పోవును. క్షౌరశాలలో అమ్మునది గంటలు. కుర్చీ ఖాళీగా గడచిన గంటను బీరువాలో పెట్టి తాళము వేయలేము. పండుగ ముందటి రెండు దినములు జనము త్రొక్కిసలాడుటకన్న అదే రాబడి నాలుగు వారములకు పరచుకొనుట వారికి మేలు. పొడుగు గడువు ఒకనికి నష్టము, వేరొకనికి లాభము అన్నమాట.

ఇంతలో దేశము రెండుగా చీలినది. 48 రాష్ట్రములలో ఇంచుమించు సగము కొత్త తేదీన, తక్కినవి పాత తేదీన పండుగ చేసికొన్నవి. టెక్సాస్, కొలరాడో వంటివి రెండు దినములును చేసికొన్నవి. తండ్రికి ఒకనాడు సెలవు, వేరొక రాష్ట్రమున చదువు కుమారునికి ఇంకొకనాడు సెలవు అయినప్పుడు విందు ఎవరితో ఆరగింతురు? అట్లాంటిక్ సిటీ నగరాధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పేరు కలిపి దీనిని ‘ఫ్రాంక్స్‌గివింగ్’ అని ఎగతాళి చేసినాడు. ఆ పేరే నిలిచిపోయినది.

1940లోను, 1941లోను పండుగ ముందుగానే జరిగినది. కాని 1941 మే నెలలో రూజ్‌వెల్టే బయటపడినారు: గడువు పెంచినందువలన అమ్మకములు చెప్పుకోదగినంతగా పెరుగలేదని లెక్కలు తేల్చినవి. జనము పెట్టదలచిన సొమ్ము ఆరు దినములు ముందుగా పెట్టినారే గాని, ఎక్కువగా పెట్టలేదు. ఆ ఏడు డిసెంబరు 26న సంతకమైన చట్టము పండుగను నవంబరు నాలుగవ గురువారమునకు స్థిరపరచినది. నాటి నుండి అది 28వ తేదీ దాటి రాదు. బ్రూక్లిన్ వర్తకుడు కోరిన కురచ గడువు మరల రాలేదు. చిన్న దుకాణముల కొరకు ప్రత్యేకముగా ఒక దినమును, అనగా ఆ పండుగ మరునాడు గడచి వచ్చు శనివారమును, ఒక ఋణపత్రముల సంస్థ ప్రచారములోనికి తెచ్చుట 2010లో గాని జరుగలేదు.

టెక్సాస్ రాష్ట్రము మాత్రము చట్టము వచ్చిన తరువాత కూడ, ఐదు గురువారములు పడిన ఏడు, 1956 వరకు లింకన్ నాటి కడపటి గురువారముననే పండుగ చేసికొన్నది.