మంచు దారిలో లాగే చక్రాలు

సైన్యంలో పనిచేసిన వాళ్ళెవరికైనా 'ఫోర్ బై ఫోర్' అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఉన్నవి నాలుగు చక్రాలు, నాలుగూ ఇంజను బలంతోనే తిరుగుతాయి. 'ఫోర్ బై టూ' అయితే రెండే తిరుగుతాయి, మన ఊళ్ళ లారీల్లో అవి వెనక చక్రాలు. మంచు మీద ఈ రెండింటిలో ఏది మేలు అన్న వాదన ఎం.టి. పార్కుల్లో ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడది మన ఇళ్ళల్లోకి కూడా వచ్చింది. 2020 అక్టోబరులో రోహ్‌తాంగ్ కింద అటల్ టనెల్ తెరిచాక, చలికాలంలోనూ మన పిల్లలు కార్లేసుకుని లాహౌల్ వైపు వెళుతున్నారు. "మన బండి ఆల్ వీల్ డ్రైవ్, మంచు మనల్నేం చేస్తుంది నాన్నా?" అంటారు. దీనికి జవాబు చరిత్రలో ఉంది.

ముందు రష్యా సంగతి చూద్దాం. 1941లో జర్మన్లు లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టారు. లోపల జనం ఆకలితో చచ్చిపోతున్నారు. మిగిలింది గడ్డకట్టిన లడోగా సరస్సు ఒక్కటే. నవంబరు 22న ఆ మంచు మీద మొదటి లారీల కాన్వాయ్ బయలుదేరింది. అందులో ఎక్కువ భాగం 'గాజ్' ఒకటిన్నర టన్ను లారీలు. వాటికి లాగేవి వెనక చక్రాలు మాత్రమే. వాటితోనే ఆ చలికాలమంతా తిండిగింజలు లోపలికి తెచ్చారు, ఐదు లక్షలకు పైగా జనాన్ని బయటికి చేర్చారు. కాబట్టి వెనక చక్రాల బండి మంచులో పనికిరాదనడం పొరపాటు. సరస్సు చదునుగా ఉంటుంది, ఎత్తుపల్లాలుండవు. లారీలో వేసిన సరుకు బరువు వెనక చక్రాల మీదే పడుతుంది. బరువు పడ్డ చక్రం జారకుండా పట్టు దొరకబుచ్చుకుంటుంది. అదే లారీ ఖాళీగా ఉంటే తోక ఊపుతుంది. ఇది మన డ్రైవర్లందరికీ అనుభవమే.

అదే యుద్ధంలో రెండు చిన్న బండ్లు ఎదురెదురు పడ్డాయి. అమెరికా వాళ్ళది జీప్, నాలుగు చక్రాలూ లాగేది, బరువు సుమారు 1,100 కిలోలు. జర్మన్లది కూబెల్‌వాగన్, ఫోక్స్‌వాగన్ కారు నుంచి పుట్టింది, వెనక చక్రాల బండి. అయినా రష్యా మంచులోనూ ఆఫ్రికా ఇసుకలోనూ అది బాగానే పనిచేసింది. ఎలాగంటే, దాని ఇంజనే వెనక ఉంది, లాగే చక్రాల మీదే కూర్చుంది. బండి కూడా తేలిక. ఒక చక్రం జారితే రెండోదానికి బలం అందించే డిఫరెన్షియల్ పెట్టారు. అంత చేసినా నిటారు చడావు మీద, లోతు బురదలో జీప్‌దే పైచేయి. జీప్‌కు తన మొత్తం బరువూ లాగే చక్రాల మీదే ఉంది మరి. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. 1948 నవంబరు 1న, సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్న జోజిలా కనుమలోకి 7 లైట్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకులు ఎక్కాయి. జనరల్ తిమ్మయ్య స్వయంగా ముందున్నారు. శత్రువు అక్కడ ట్యాంకును కలలో కూడా ఊహించలేదు. బల్తాల్ నుంచి పైకి ట్యాంకు నడిచేలా దారి కొట్టింది మద్రాస్ శాపర్లు. మన తెలుగువాళ్ళు తరతరాలుగా భర్తీ అవుతున్న దళమది. ఆ దారి తెరుచుకోబట్టే లేహ్ దక్కింది. ట్యాంకుకు చైన్ మొత్తం లాగుతుంది, బండి బరువంతా దాని మీదే ఉంటుంది. లారీ, జీప్, ట్యాంకు, మూడింటికీ సూత్రం ఒక్కటే: లాగే చక్రం మీద ఎంత బరువుంటే అంత పట్టు.

ఈ పాఠంతోనే కావచ్చు, సరిహద్దు కొండలకు మన సైన్యం ఫోర్ బై ఫోర్ బండ్లనే నమ్ముకుంది. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్‌లో శక్తిమాన్ తయారీ మొదలైంది. తర్వాత నిస్సాన్ వన్ టన్, జోంగా, జిప్సీ, స్టాలియన్ వచ్చాయి. వీటిలో నిస్సాన్, జోంగా, జిప్సీల్లో ముందు యాక్సిల్‌ను లివర్‌తో కలుపుకోవాలి. గట్టి పొడి రోడ్డు మీద కలిపి ఉంచితే మలుపుల్లో ముందు వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి, గేర్లు అరుగుతాయి. అందుకే ఉస్తాదులు "మంచు అయిపోగానే లివర్ తీసెయ్" అని చెవిలో పోరేవారు.

ఈ చిక్కు తీర్చింది కూడా ఒక ఫౌజీ బండి కథే. 1976-77 చలికాలంలో ఆడి కంపెనీ ఇంజనీర్లు ఫిన్లాండ్ మంచులో కార్లు పరీక్షిస్తున్నారు. వాళ్ళ వెంట ఉన్న ఇల్టిస్ అనే జర్మన్ మిలిటరీ జీప్ ఇంజను బలం 75 హార్స్ పవరే. అయినా అంతకన్నా బలమైన కార్లను అది వెనక వేసింది. దాన్ని చూసే వాళ్ళు నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగే క్వాట్రో కారు చేసి 1980లో బయటపెట్టారు. మధ్యలో ఒక డిఫరెన్షియల్ పెట్టడంతో పొడి రోడ్డు మీద పెనుగులాట పోయింది. 1981లో స్వీడన్ మంచు ర్యాలీ దానిదే, 1982లో కంపెనీల ప్రపంచ టైటిల్ కూడా దానిదే. కానీ 1983లో లాన్సియా 037 అనే తేలికైన వెనక చక్రాల కారు ఆ టైటిల్ లాగేసుకుంది. పట్టు బాగా దొరికే తారు రోడ్డు మీద బరువు తక్కువ ఉండటం, మలుపులో చురుకుగా తిరగడం దానికి కలిసొచ్చాయి. ఆ తర్వాత మాత్రం వెనక చక్రాల కారు ఏదీ ఆ టైటిల్ గెలవలేదు.

మరి అసలు జవాబేమిటి? ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, ఎక్కిస్తుంది. కానీ ఆపదు. బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. మంచు మీద ఆగడం టైరు పట్టును బట్టే ఉంటుంది తప్ప ఎన్ని చక్రాలు లాగుతున్నాయన్న దాన్ని బట్టి కాదు. ఉతరాయి మీద చిన్న గేరులో దిగితే ఇంజను నిరోధం ఫోర్ బై ఫోర్‌లో నాలుగు చక్రాలకూ పంచుకుంటుంది. ఫోర్ బై టూలో వెనక రెండింటికే పడుతుంది, ఎక్కువైతే తోక తిరుగుతుంది. ఆ ఒక్క లాభం నిజమే. కానీ సులువుగా ఎక్కేస్తున్నాం కదా అని కుర్రాడు వేగం పెంచితే, ఆ లాభమంతా మొదటి మలుపులోనే పోతుంది. వెనక చక్రాల బండి జారుతూ ముందే హెచ్చరిస్తుంది, ఫోర్ బై ఫోర్ ఆలస్యంగా చెబుతుంది.

అందుకే సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకూ, మంచు చూడ్డానికి పోయే పిల్లలకూ చెప్పేది ఒక్కటే. బండి ఏదైనా చెయిన్లు పెట్టెలో ఉండాలి, చేతులు మరీ గడ్డకట్టకముందే తొడగాలి. ముందు బండికి దూరం ఉంచాలి. ఎక్కిన గేరులోనే దిగాలి. లడోగా మీద వెనక చక్రాలతో లారీ నడిపినవాడు, జోజిలాలో ట్యాంకు ఎక్కించినవాడు, ఇద్దరూ తమ బండికి ఏం చేతనవునో, ఏం చేతకాదో తెలిసినవాళ్ళు. మంచులో క్షేమంగా ఇల్లు చేర్చేది ఆ తెలివే.

జై హింద్.