అడంగలు గళ్లు, వాని శీర్షికలు

బెజవాడ చెంత కృష్ణకు 1852లో ఆరంభింపబడి 1855లో ముగిసిన ఆనకట్ట కాలువల వెంట మాగాణిని విస్తరింపజేయగా, ఏ చేనికి కాలువనీరు పాఱుచున్నదో, అందు ఏ పైరు పండుచున్నదో ఎఱుగనిదే నీటితీరువ కట్టుట సర్కారుకు సాధ్యము కాకుండెను. ఈ డెల్టాలో కరణము లెక్కకు గలిగిన గౌరవము చాలవఱ కందుండి వచ్చినదే యని నా తలంపు.

ఆ లెక్కలలో అడంగలు ముఖ్యమైనది. సర్వే నంబరు, విస్తీర్ణము, నీటి ఆధారము, పట్టాదారు, అనుభవదారు, పైరు అను శీర్షికలు పుట తలపై నుండును. క్రింది గడిలో నేమి వ్రాసినను అవి చెఱగవు. కావుననే ఎన్నియేండ్లకు జమాబందికి వచ్చిన యధికారి పుట తిప్పినను, గడిలోని పేరు భూమి గలవానిదో దున్నువానిదో తెలియుచుండెను. కౌలుసేద్యము మిక్కుటమైన ఈ సీమలో ఆ రెండు గళ్ల భేదముపై కుటుంబముల బ్రతుకు లాధారపడియున్నవి. అనుభవదారు గడిలోను పట్టాదారు పేరే పడినచో, అప్పుగాని నష్టపరిహారముగాని కౌలురైతునకు దక్కుట దుర్లభము. 2011లో సాగుదారుల చట్టమును, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టమును చేయవలసివచ్చినది ఇట్టి రైతుల కొఱకే.

1984లో కరణీకము రద్దయినది. 1998లో రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటరు వచ్చినది. 2011లో మీసేవ కేంద్రములు, 2015లో భూలెక్కలు చూపు మీభూమి వెబ్‌సైటు వెలసినవి. ఇట్లు కాగితముమీది గళ్లు తెరమీది కెక్కినవి.

తెరమీది దరఖాస్తునకును శీర్షిక లేకపోలేదు. 1997 డిసెంబరున వెలువడిన హెచ్‌టీఎమ్‌ఎల్ 4.0లోనే గడికి పేరు తగిలించు ‘లేబుల్’ కలదు. 2014లో ప్రమాణముగా స్థిరపడిన హెచ్‌టీఎమ్‌ఎల్ 5 ‘ప్లేస్‌హోల్డర్’ను చేర్చెను; ఏ రీతిగా నింపవలెనో సూచించుటకు గడిలోపల లేతరంగున కనబడు మాట యది, తొలి యక్షరము పడగానే మాయమగును. చోటు కలిసివచ్చునని కొందఱు శీర్షికను తొలగించి ఈ మాటకే దాని పని నప్పగించుట మిక్కిలి శోచనీయము. మీసేవ కేంద్రమున నొకరు నింపిన దరఖాస్తును సరిచూచుకొనుటకు తెరవైపు వంగిన రైతునకు అప్పుడు రెండు పేర్లు మాత్రమే కనబడును. ఏది పట్టాదారుదో, ఏది తనదో పోల్చుకొను దారి యుండదు. ప్రతి గడికిని శీర్షికయో సూచనయో యుండవలెనని వెబ్‌పుటలు అందఱికిని అందుబాటులో నుండుటకై యేర్పడిన 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 నియమము విధించియే యున్నది.

శీర్షికను గడిపై నిలిపి, ‘ఉదా: 125/2’ వంటి మాదిరిని దాని క్రిందనే యుంచిన చాలును. కోడులో శీర్షికను గడితో ముడివేసినచో, చూపులేనివారికి తెరను చదివి వినిపించు సాధనము ఆ పేరును పలుకును. ఫోనులో శీర్షికను తాకినను గడి తెఱచుకొనును, చిన్న గడిపై వ్రేలు కుదురని వృద్ధుల కిది యెంతయో మేలు.