కోడి ఎముక, కర్నూలు ఖడ్గమృగం

పోయిన నెల మా అమ్మాయితో ఇంట్లోనే ఓ ప్రయోగం చేయించాను. తినేసిన కోడి కాలి ఎముకని శుభ్రంగా కడిగి, సీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పోశాం. వారానికి ఎముక రబ్బరులా వంగింది! ఎముకకి గట్టిదనమిచ్చే కాల్షియం లవణాలు ఆమ్లంలో కరిగిపోతాయి మరి. రెండోది ఇంకా తేలిక. బేతంచెర్ల నాపరాయి ముక్కని గీకి, ఆ పొడిమీద నిమ్మరసం పిండితే నురగొస్తుంది. అంటే రాయి ఆమ్లాన్ని విరిచేస్తోందన్నమాట.

ఈ రెండూ కలిపితే మా కర్నూలు చరిత్ర.

బేతంచెర్ల దగ్గర (2022 నుంచి నంద్యాల జిల్లా లెండి) బిల్లసర్గం అని సున్నపురాతి గుహలున్నాయి. అక్కడ ఎముకలున్నాయని 1844లో న్యూబోల్డ్ అనే కుంఫిణీ సైనికాధికారి రాశాడు. తర్వాత దాదాపు నలభయ్యేళ్ళు దాని ఊసే లేదు. చివరికి ఇంగ్లండు నుంచి హక్స్లీ (డార్విన్ తరఫున వాదించినాయనే) అడిగితే గానీ కదలిక రాలేదు. రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1883-85 మధ్య తవ్వారు. దొరికినవాటిలో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి! 1886లో లిడెక్కర్ దానికి పెట్టిన పేరు రైనోసెరస్ కర్నూలియెన్సిస్. నీళ్ళకి కటకటలాడే సీమలో ఖడ్గమృగమా అని నేను నోరెళ్ళబెట్టాను.

ఆమ్లగుణమున్న నేలయితే అవీ మా సీసాలో ఎముకలాగే అయిపోయేవి. చుట్టూ సున్నపురాయి ఉండబట్టి మిగిలాయి.

బడిలో డార్విన్ గురించి చెప్పారు గానీ బిల్లసర్గం పేరు ఒక్కసారీ వినలేదు. బేతంచెర్ల మీదుగా రైల్లో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. మా అమ్మాయేమో, ఖడ్గమృగం ఎముక వంగాలంటే ఎన్ని సీసాల వెనిగర్ కావాలని అడుగుతోంది.