మత్తు లేని గంజాయి పదార్థాలు: సీబీడీ, సీబీజీ, సీబీఎన్‌లలో ఏది దేనికి?

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ అమ్మ మోకాళ్ల నొప్పికని, నాన్న నిద్రకని గమ్మీల సీసాలు తెస్తున్నారు. ఇక్కడ ఆన్‌లైన్ అంగళ్లలో ‘హెంప్ ఆయిల్’, ‘సీబీడీ ఆయిల్’, ‘విజయ’ అన్న పేర్లు పక్కపక్కనే కనబడుతున్నాయి. ఇవన్నీ ఒకటి కావు. ఏది ఏమిటో, దేనికి ఆధారం ఉందో, ఎక్కడ చట్టం అడ్డొస్తుందో ఒకచోట చేర్చి ఇస్తున్నాము.

ముందు పేర్ల గందరగోళం

హెంప్ అన్న మాటకు తెలుగులో జనుము, జనపనార అని రాసేయడం వల్ల చాలామంది పొరబడుతున్నారు. పచ్చిరొట్ట ఎరువుగా పొలంలో కలియదున్నే జనుము చిక్కుడు కుటుంబానిది. గోగు మందార కుటుంబానిది. గోనెసంచుల జనపనార వేరే మొక్క. ఇక్కడ మనం మాట్లాడుతున్న హెంప్ గంజాయి జాతి మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ తక్కువగా ఉండే రకాలను హెంప్ అంటున్నారు. ఇదే మొక్కను తమిళంలో కంజా, మరాఠీలో గాంజా, ఒడియాలో గంజెయి అంటారు.

మత్తు ఎక్కడ నుంచి వస్తుంది?

ఈ మొక్కలో వందకు పైగా కానబినాయిడ్లు ఉన్నాయి. మత్తుకు ముఖ్య కారణం టీహెచ్‌సీ. పచ్చి మొక్కలో ఇవి ఆమ్ల రూపంలో ఉంటాయి. సీబీజీఏ అనే ఆమ్లం తల్లి లాంటిది. దాని నుంచే మొక్క టీహెచ్‌సీఏ, సీబీడీఏ, సీబీసీఏలను తయారు చేసుకుంటుంది. వేడి తగిలితే టీహెచ్‌సీఏ టీహెచ్‌సీగా, సీబీడీఏ సీబీడీగా మారతాయి. అందుకే టీహెచ్‌సీఏను ‘మత్తు లేనిది’ అని అమ్మినా నమ్మకూడదు. పచ్చిగా ఉన్నంతవరకే ఆ మాట నిజం, కాల్చినా వండినా అది మత్తుపదార్థమే.

ఒక్కొక్కటిగా

సీబీడీ: అన్నిటికంటే ఎక్కువ పరిశోధన జరిగింది దీనిమీదే. మత్తు ఇవ్వదు. ‘ఎపిడియోలెక్స్’ అనే శుద్ధ సీబీడీ మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతి ఇచ్చింది. పిల్లల్లో వచ్చే లెనాక్స్–గాస్టాట్, డ్రావే అనే రెండు తీవ్రమైన మూర్ఛ రోగాలకు దాన్ని వాడతారు. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ వల్ల వచ్చే మూర్ఛనూ ఆ జాబితాలో చేర్చారు. గట్టి ఆధారం ఉన్నది ఇంతవరకే. కీళ్ల నొప్పులు, ఆందోళన, నిద్రలేమికి జనం వాడుతున్నారు గానీ అక్కడ ఆధారాలు అంత బలంగా లేవు.

సీబీజీ: చాలా రకాల్లో ఒక శాతం లోపే ఉంటుంది, అందుకే ఖరీదు ఎక్కువ. వాపు, నొప్పి, చర్మం పేరు చెప్పి నూనెలు, సీరమ్‌లు అమ్ముతున్నారు. మనుషుల మీద జరిగిన పరీక్షలు తక్కువ.

సీబీఎన్: టీహెచ్‌సీ గాలికి, వెలుతురుకు పాతబడితే ఇది తయారవుతుంది. ‘నిద్ర గమ్మీల’లో కనిపించేది ఇదే. నిద్ర పట్టిస్తుందన్న పేరుకు తగినంత రుజువు ఇంకా లేదు. చాలా గమ్మీల్లో మెలటోనిన్ కూడా కలిపి ఉంటుంది కాబట్టి పని చేసింది ఏదో చెప్పడం కష్టం.

సీబీసీ: వాపు మీద పరిశోధనలు ఎక్కువగా ప్రయోగశాలల్లో, జంతువుల మీద జరిగినవే. మార్కెట్లో విడిగా అరుదు, మిశ్రమాల్లోనే ఉంటుంది.

డెల్టా–8: అమెరికాలో హెంప్ గమ్మీల వరుసలోనే అమ్ముడుపోయింది. చాలావరకు సీబీడీ నుంచే రసాయనికంగా తయారు చేస్తారు. కానీ ఇది టీహెచ్‌సీ రకమే, మత్తు ఇస్తుంది. సీసా మీద ఈ పేరుంటే ఇంట్లోకి రానివ్వకండి.

హెంప్ గింజల నూనె వేరు

గింజల్లో కానబినాయిడ్లు దాదాపు ఉండవు. మాంసకృత్తులు, మంచి కొవ్వులు బాగా ఉంటాయి. ఉత్తరాఖండ్ కొండల్లో వీటితో చట్నీ నూరుకుంటారు. మనం నువ్వుల పొడి కొట్టుకున్నట్టే పొడి కొట్టుకోవచ్చు. ఈ నూనె వేపుళ్లకు పనికిరాదు. భారత ఆహార భద్రతా సంస్థ 2021 నవంబరులో హెంప్ గింజలు, గింజల నూనె, గింజల పిండిని ఆహారంగా అమ్మడానికి అనుమతించింది. గింజల్లో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు దాటకూడదు. దీన్ని ‘సీబీడీ నూనె’ ధరకు కొంటే మోసపోయినట్టే.

చట్టం ఏమంటోంది?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు అని నిర్వచించింది. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. బంక అంటే చరస్, అదీ నిషిద్ధమే. మొక్క నుంచి తీసిన సారాలకూ చట్టంలో నియంత్రణ ఉంది. గంజాయి 20 కిలోలు, చరస్ ఒక కిలో దాటితే ‘వాణిజ్య పరిమాణం’, శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు.

ఆకుతో చేసే ‘విజయ’ మందులు ఆయుష్ లైసెన్సు మీద తయారవుతాయి. ఔషధ నిబంధనల్లో విషద్రవ్యాల షెడ్యూలు కింద ఉన్నందున వాటి మీద ‘వైద్య పర్యవేక్షణలో వాడాలి’ అన్న హెచ్చరిక తప్పనిసరి. భంగు విషయం రాష్ట్రాల చేతిలో ఉంది. మహారాష్ట్రలో 1949 మద్యనిషేధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా భంగు ఉంచుకోవడం నేరం. భంగు కేంద్ర మాదకద్రవ్యాల చట్టం కిందికి రాదని 2022లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు కేసులో చెప్పింది. యానాం వాళ్లకు పుదుచ్చేరి నిబంధనలు, గోదావరి దాటితే ఆంధ్ర నిబంధనలు. హద్దు దాటి తీసుకెళ్లేముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి. విదేశాల నుంచి గమ్మీలు తేవద్దని పిల్లలకు ముందే చెప్పండి. సీసాలో టీహెచ్‌సీ రవ్వంత ఉన్నా విమానాశ్రయంలో చిక్కుల్లో పడేది తెచ్చినవాళ్లే.

లేబులు మీద ఎంత నమ్మకం?

2017లో అమెరికన్ వైద్య పత్రిక ‘జామా’లో ఒక పరిశీలన వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే మూడింట ఒక వంతుకు కొంచెం తక్కువే లేబులుకు సరిపోయాయి. 18 నమూనాల్లో టీహెచ్‌సీ బయటపడింది. రవ్వంత టీహెచ్‌సీ రోజూ ఒంట్లోకి వెళ్లినా ఉద్యోగానికి చేసే మూత్ర పరీక్షలో పట్టుబడవచ్చు. డ్రైవర్లు, నౌకల్లో పనిచేసేవాళ్లు ఇది ప్రత్యేకంగా గమనించాలి.

ఎవరు దూరంగా ఉండాలి?

మత్తు లేదంటే ప్రమాదం లేదని కాదు. గుండె జబ్బుకు వార్ఫరిన్ వాడే పెద్దవాళ్లలో సీబీడీ ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తేగలదు. మూర్ఛ మందు క్లోబజామ్‌తో కలిస్తే మగత పెరుగుతుంది. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయానికి దెబ్బ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఆరోగ్యవంతులైన పెద్దలు కూడా రోజుకు 10 మిల్లీగ్రాములు మించవద్దని బ్రిటన్ ఆహార సంస్థ 2023లో సూచించింది.

మూర్ఛ ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు ఒక లెక్క చెబుతాము. లెనాక్స్–గాస్టాట్, డ్రావే రోగాలకు శుద్ధ సీబీడీ మందు సాధారణ మోతాదు రోజుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. 20 కిలోల బిడ్డకు అది 200 మిల్లీగ్రాములు, అదీ కాలేయ పరీక్షలు చేయిస్తూ. 10 మిల్లీగ్రాముల గమ్మీ అందులో ఇరవయ్యో వంతు. దాన్ని నమ్మి డాక్టరు రాసిన మాత్ర ఆపితే ఫిట్లు తిరగబెడతాయి.

వాడాలనే అనుకుంటే ముందు ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. సీసా మీద ఆయుష్ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, బయటి ప్రయోగశాల నివేదిక ఉన్నాయో లేదో చూడండి. మూడింట్లో ఏది లేకపోయినా కొనకండి.