జట్టు గుత్త

ఇల్లమ్మితే తాళంచెవి చేతికిస్తాం. పొలమమ్మితే పట్టా మారుతుంది. ఎద్దునమ్మితే కొన్నవాడు తోలుకుపోతాడు. మరి క్రికెట్ జట్టునమ్మితే ఏమిస్తారు? తోలుకుపోవడానికి ఆటగాళ్ళు ఎడ్లు కారు గదా! మైదానం వుందా అంటే అది మరొకరిది. ఆట వుందా అంటే అది అందరిదీను. ఇక మిగిలేదల్లా ఓ పేరు, ఓ రంగు చొక్కా, కొన్ని కాగితాలు. ఆ కాగితాలు వందల కోట్లు పలుకుతాయంటే మా కురవిలో పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకోవచ్చు గానీ, నిజానికి ఈ బేరం వాళ్ళకు తెలియనిదేమీ కాదు.

మహాశివరాత్రి వచ్చిందంటే కురవి వీరభద్రస్వామి జాతరకు జనం విరగబడి వస్తారు. ఇలాంటి జాతరలు జరిగే గుళ్ళలో కొబ్బరికాయలు అమ్ముకునే హక్కునూ, తలనీలాలు పోగుచేసుకునే హక్కునూ వేలం వేయడం మనవైపు రివాజే. పాట పాడి దక్కించుకున్నవాడు గుత్తేదారు. దేవుడు అతనివాడు కాడు, గుడి అతనిది కాదు, వచ్చే జనమూ అతని జనం కారు. అతనికున్నదల్లా అమ్ముకునే హక్కు ఒక్కటే. కిస్తీ కట్టినంతకాలం ఆ హక్కు బంగారం. కిస్తీ తప్పాడో గుత్త రద్దు, మళ్ళీ హర్రాజు. అప్పులవాళ్ళు వచ్చి దుకాణం జప్తు చేస్తే నాలుగు కొబ్బరికాయలు దొరుకుతాయేమో గానీ, జాతర మాత్రం దొరకదు.

ఈ చిన్న సంగతి మనసులో పెట్టుకుంటే హైదరాబాదు క్రికెట్ జట్టు కథ తేలిగ్గా అర్థమవుతుంది. ఆ కథలో పెద్ద పెద్ద బ్యాంకులున్నాయి, లాయర్లున్నారు, హైకోర్టూ సుప్రీంకోర్టూ వున్నాయి. అయినా మూలం మాత్రం కొబ్బరికాయల గుత్తే.

2008 జనవరి 24న ఇండియన్ ప్రీమియర్ లీగు కోసం ఎనిమిది నగరాల జట్లను హర్రాజు వేశారు. హైదరాబాదును దక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ అనే పత్రికా సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకున్నది. ముంబాయి, బెంగుళూరుల తరువాత ఎక్కువ ధర పలికింది మన నగరమే. ఆ సొమ్ము ఒక్కసారిగా కట్టనక్కరలేదు, పదేళ్ళలో పది కిస్తీలు. అంటే ఆనాటి డాలరు లెక్కన ఏడాదికి రమారమి 42 కోట్ల రూపాయలు. ఆ పదేళ్ళూ దాటాక ఆదాయంలో బోర్డుకు వాటా. దీనికి ఫ్రాంచైజీ అని ఇంగ్లీషు పేరు పెట్టారు. మన పాత భాషలో గుత్త అంటే సరిపోతుంది.

'దక్కన్ చార్జర్స్' అని పేరు పెట్టారు. లక్ష్మణ్ కెప్టెన్సీలో మొదటి ఏడు జట్టు అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడు, 2009లో, మన దేశంలో ఎన్నికలు వచ్చి పోటీలన్నీ దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. అక్కడ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు మే 24న జొహాన్నెస్‌బర్గులో బెంగుళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు ఎత్తుకొచ్చింది. చిత్రమేమిటంటే, గెలిచిన ఆ పోటీల్లో జట్టు తన సొంతవూళ్ళో ఒక్క ఆటా ఆడలేదు. 2010లో తెలంగాణా ఉద్యమం కారణంగా ఇక్కడి ఆటలు నాగపూరుకూ, కటకానికీ, ముంబాయి వైపుకూ వెళ్ళిపోయాయి. అయినా జనం రేడియోల దగ్గరా, టీవీల ముందూ కూచుని 'మన జట్టు' అన్నారే గాని, 'ఫలానా కంపెనీ జట్టు' అనలేదు. ఈ 'మన' అన్న మాటను గుర్తుపెట్టుకోండి, దాంతో మళ్ళీ పనిపడుతుంది.

2012 వచ్చేసరికి యజమాని సంస్థ అప్పుల్లో పీకలదాకా మునిగింది. బ్యాంకులు గుమ్మంలో కూచున్నాయి. ఆటగాళ్ళకు యివ్వవలసిన సొమ్ము బాకీ పడింది. పైగా జట్టు హక్కును బ్యాంకులకు తాకట్టు పెట్టారన్న సంగతి బయటికొచ్చింది. అసలు తిరకాసు ఇక్కడే వుంది. గుత్తేదారు తన గుత్తను తాకట్టు పెట్టవచ్చునా?

హైదరాబాదు రాజ్యానికి ఇది కొత్త ప్రశ్న కాదు. 1853లో మొదటి సాలార్ జంగ్ ఇరవై నాలుగేళ్ళ వయసులో దివాన్ అయ్యేనాటికి తాలూకాలకు తాలూకాలే సాహుకార్ల దగ్గరా, అరబ్బు జమేదార్ల దగ్గరా తాకట్టులో వుండేవి. శిస్తు వసూలు చేసుకునే హక్కు చూపించి అప్పు తెచ్చుకోవడం, అప్పు తీరేదాకా వాళ్ళే వసూలు చేసుకోవడం. నలిగిపోయింది మధ్యలో రైతు. ఆ తాకట్లు ఒక్కొక్కటే విడిపించడం ఆయనకు పెద్ద పనయింది. జాగీర్ల సంగతీ ఇలాంటిదే. జాగీర్దారు తన జాగీరును అనుభవించవచ్చు, దర్జా వెలగబెట్టవచ్చు, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. అది సర్కారు యిచ్చిన హక్కు, సర్కారుకే తిరిగి పోతుంది. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు గాని చాలామందికి తాము దేనికి యజమానులో, దేనికి కారో తెలిసిరాలేదు.

దక్కన్ చార్జర్స్ విషయంలో సర్కారు పాత్ర క్రికెట్ బోర్డుది. 2012 ఆగస్టు 16న బోర్డు నోటీసు యిచ్చింది: ముప్ఫై రోజుల్లో లోపాలన్నీ సరిదిద్దుకోండి, లేదా ఒప్పందం రద్దు. ఆ గడువులోనే జట్టును అమ్మేద్దామని సెప్టెంబరు 13న హర్రాజు పెట్టారు. వచ్చిన పాట ఒక్కటే. పి.వి.పి. వెంచర్స్ వారు వాయిదాల మీద 900 కోట్లు యిస్తామన్నారు. యజమానులు వద్దన్నారు. అప్పులవాడు గుమ్మంలో కూచున్నప్పుడు పదేళ్ళ వాయిదాల సొమ్ము ఏం పనికొస్తుందనుకున్నారు కాబోలు.

మరునాడే, సెప్టెంబరు 14న, బోర్డు ఒప్పందం రద్దు చేసింది. నోటీసు గడువు పూర్తిగా తీరడానికి ఇంకా ఒక్కరోజు వుంది. ఈ ఒక్కరోజు తొమ్మిదేళ్ళపాటు కోర్టుల్లో తిరిగింది!

యజమానులు బొంబాయి హైకోర్టు తలుపు తట్టారు. కోర్టు వాళ్ళను ఉత్తచేతులతో పంపలేదు. నూరు కోట్లకు జాతీయ బ్యాంకు గ్యారంటీ తెచ్చిపెట్టండి, జట్టు మీ చేతిలోనే వుంటుంది అన్నది. గడువు కూడా పొడిగించింది. ఈలోపల ముంబాయికి చెందిన కమలా లాండ్‌మార్క్ అనే ఇళ్ళ నిర్మాణ సంస్థకు జట్టును అమ్మేస్తున్నట్టు ప్రకటన కూడా వచ్చింది. అయినా అక్టోబరు 12 నాటికి గ్యారంటీ రాలేదు. 900 కోట్ల బేరం కాదన్న చేతులకు నెల తిరక్కుండానే నూరు కోట్లకు పూచీ యిచ్చే బ్యాంకు దొరకలేదన్నమాట. ఆ నెలలోనే సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనన్నది.

అక్టోబరు 25న హైదరాబాదు మళ్ళీ హర్రాజుకొచ్చింది. ఈసారి పాడింది సన్ టీవీ. ఏడాదికి 85 కోట్ల 5 లక్షలు. రెండో పాట పి.వి.పి. వారిదే, 69 కోట్ల చిల్లర. లెక్క చూడండి: 2008లో ఏడాదికి 42 కోట్లున్న గుత్త, నాలుగేళ్ళు తిరిగేసరికి రెట్టింపయింది. హక్కు విలువ పెరిగింది, కానీ పెరిగిన విలువలో పాత గుత్తేదారుకు దక్కింది సున్న. జట్టు కొత్త పేరుతో 'సన్‌రైజర్స్' అయింది. పాత ఆటగాళ్ళలో ఇరవైమందిని కొత్తవారు వుంచుకున్నారు. 2009 కప్పు మాత్రం కొత్త జట్టు ఖాతాలోకి రాలేదు. ఆటగాళ్ళు వారసత్వంగా వచ్చారు గాని, ఆ గెలుపు రాలేదు.

అదే 2012లో అమెరికాలో ఇలాంటి కథే ఒకటి నడిచింది, ముగింపు మాత్రం వేరు. లాస్ ఏంజిల్స్ డాడ్జర్స్ అని పేరుమోసిన బేస్‌బాల్ జట్టు వుంది. దాన్ని ఫ్రాంక్ మెకోర్ట్ అనే ఆసామి 2004లో 43 కోట్ల డాలర్లకు, చాలామటుకు అప్పుచేసి, కొన్నాడు. తరువాత భార్యాభర్తలు విడిపోయారు, జట్టు ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కింది. టీవీ ఒప్పందం ఒకటి చేసుకుని గట్టెక్కుదామంటే లీగు కమిషనరు ఒప్పుకోలేదు. 2011 జూన్‌లో జట్టు దివాలా కోర్టుకు వెళ్ళింది. అయితే అక్కడ దివాలా అంటే తలుపులు మూసెయ్యడం కాదు. అప్పులవాళ్ళను కాసేపు ఆగమని, ఆటలు ఆడిస్తూనే, కోర్టు కనుసన్నల్లో పద్ధతిగా జట్టును అమ్మించారు. 2012లో అది 200 కోట్ల డాలర్లు దాటి పలికింది. బాకీలు తీర్చి, భార్యకు యిచ్చేది యిచ్చి, మెకోర్ట్ జేబు నిండుగానే బయటపడ్డాడు.

ఇద్దరూ అప్పులపాలైనవాళ్ళే. ఇద్దరి నెత్తినా లీగు పెద్దలున్నారు. మరి ఒకాయన కోటీశ్వరుడిగా, మరొకరు ఉత్తచేతులతో ఎందుకు బయటికొచ్చారు? డాడ్జర్స్ యజమాని చేతిలో స్టేడియం వుంది, దాని చుట్టూ భూమి వుంది, పైగా జట్టును నడుస్తున్న ఆస్తిగా చూసి అమ్మించే చట్టమూ వుంది. మనవారి చేతిలో వున్నది ఒప్పందం. ఉప్పల్ స్టేడియం హైదరాబాదు క్రికెట్ సంఘానిది. దివాలా స్థితికి వస్తే గుత్త రద్దు చేయవచ్చునని ఆ ఒప్పందంలోనే రాసివుంది. అంటే సరిగ్గా అమ్ముకోవలసిన అవసరం పడ్డనాడే, అమ్మడానికేమీ లేకుండా పోతుంది. వానొచ్చిననాడు మూసుకుపోయే గొడుగన్నమాట.

ఇక ఆ ఒక్కరోజు సంగతి. తగాదా మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది. సుప్రీంకోర్టులో పనిచేసి రిటైరయిన న్యాయమూర్తి సి.కె. ఠక్కర్ ఎనిమిదేళ్ళు విచారించి, 2020 జులైలో తీర్పు చెప్పారు. రద్దు చెల్లదు, బోర్డు 4,814 కోట్ల 67 లక్షలు వడ్డీతో కట్టాలి! ఒక్కరోజు తొందరకు ఎంత ఖరీదో అని దేశమంతా ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం ఏడాది కూడా నిలవలేదు. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ ఆ తీర్పును కొట్టేశారు. కారణాలు చెప్పకుండా, ఒప్పందం గీత దాటి ఇచ్చిన తీర్పు నిలవదన్నారు. బోర్డు మీద పోరాడితే ఎప్పుడూ ఓటమేనా అంటే అదీ కాదు. 2011లో బోర్డు రద్దు చేసిన కొచ్చి జట్టు వారికి మధ్యవర్తి యిప్పించిన పరిహారాన్ని అదే హైకోర్టు 2025 జూన్‌లో నిలబెట్టింది. కాబట్టి ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది కాదు, కాగితంలో ఏముంది, దానికి ఎవరు కట్టుబడ్డారు అన్నదే తేల్చింది.

ఈలోగా 2017లో దక్కన్ క్రానికల్ సంస్థే హైదరాబాదులోని కంపెనీ లా ట్రిబ్యునల్‌లో దివాలా విచారణకు వచ్చింది. అప్పిచ్చిన బ్యాంకుల సొమ్ములో మనం దాచుకున్న రూపాయి కూడా వుంటుందన్న సంగతి మరచిపోరాదు. సాలార్ జంగ్ కాలంలో తాలూకాను తాకట్టు పెడితే నలిగింది రైతు. ఈ కాలంలో జట్టును తాకట్టు పెడితే నలిగేది జీతం కోసం చూసే ఆటగాడూ, బ్యాంకులో సొమ్ము దాచుకున్నవాడూను. కాలం మారింది గానీ, వరస మారలేదు.

చివరికి ఆ 'మన' అన్న మాట. 2016 మే 29న సన్‌రైజర్స్ బెంగుళూరులో కప్పు గెలిచినప్పుడు మావైపు కుర్రాళ్ళు మళ్ళీ 'మన జట్టు' అనే అరిచారు. యజమాని మారాడు, పేరు మారింది, చొక్కా రంగు మారింది, వాళ్ళ గొంతు మాత్రం మారలేదు. ఒప్పందం కాగితాల్లో కిస్తీలున్నాయి, గ్యారంటీలున్నాయి, రద్దు షరతులున్నాయి. ఈ గొంతు ఎక్కడా లేదు. కానీ 42 కోట్ల గుత్త 85 కోట్లయింది ఈ గొంతును చూసే! జాతర లేనిదే కొబ్బరికాయకు ధర లేదు గదా.

గుత్తేదార్లు వస్తారు, పోతారు. జాతర మాత్రం ఏటా జరుగుతూనే వుంటుంది.