తక్కోలం నుంచి మా ఇంటి మెట్ల దాకా

తిరుపతి నుంచి రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా అరక్కోణం పోయే రైలుదారి మా చిత్తూరు సీమవాళ్ళకు ఇంటి వాకిలి వంటిది. అరక్కోణంలో దిగి కంచి బండి ఎక్కితే తక్కోలం అనే చిన్న స్టేషను వస్తుంది. ఎన్నోసార్లు ఆ స్టేషను దాటాను. అక్కడ జరిగిన ఒక యుద్ధం చోళుల ప్రాభవాన్ని కొన్ని దశాబ్దాల పాటు వెనక్కి నెట్టిందని చదువుకున్నాను గాని, ఆ యుద్ధం వెనుక కథలో ఒక కుక్క ఉందని చాలాకాలం ఎరుగను. ఈ టపా ఆ కుక్కతో మొదలై మా ఇంటి మెట్ల మీద పడుకున్న మరొక కుక్క దగ్గర ముగుస్తుంది. నడుమ ఉన్నది బెదిరిన పిల్లల సంగతి. అసలు విషయం అదే.

క్రీ.శ. 949లో తక్కోలం వద్ద రాష్ట్రకూట మూడవ కృష్ణునికీ చోళులకూ పోరు జరిగింది. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదనే ప్రాణాలు విడిచాడు. అతణ్ణి కూల్చినవాడు కృష్ణుని పక్షాన పోరాడిన గంగరాజు రెండవ బూతుగుడు. బూతుగుని కొలువులో మణలేరుడనే వీరుడున్నాడు. అతని పరాక్రమానికి మెచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు ప్రభువు. మణలేరుడు కోరుకున్నది కాళి అనే వేటకుక్కను. తర్వాత ఆ కుక్క ఒక పెద్ద అడవిపందిని ఎదిరించి, దాన్ని చంపి తానూ చనిపోయింది. మణలేరుడు దాని పేరిట రాయి నిలిపాడు. కుక్కా పందీ కలబడుతున్న శిల్పం ఆ రాతి మీద ఉంది. ఆ రాతికి పూజ చెయ్యకుండా అర్చకుడు భోజనం చేస్తే పాపం తగులుతుందని కూడా రాయించాడు. కర్ణాటకలోని ఆతకూరులో దొరికిన ఆ శాసనం ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది.

అంతకు మూడు శతాబ్దాల ముందు, పల్లవ మహేంద్రవర్మ కాలానికి చెందిన మరో రాయి చిత్తూరుకు దక్షిణాన తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో ఉంది. పశువులను తోలుకుపోతున్న దొంగలతో పోరాడి యజమాని చనిపోతే, అతని కుక్క కోవివన్ అక్కడే నిలిచి ఇద్దరు దొంగలను కరిచిందట. రాతి మీద వీరుడి పక్కనే కుక్కకూ చోటిచ్చారు, పేరుతో సహా.

మా పుంగనూరు, పలమనేరు ప్రాంతాలలో వీరగల్లులకు కొదవ లేదు. బాణులు, నొలంబులు, వైదుంబులు కొట్టుకున్న నేల ఇది. చెరువు కట్టల మీద, పొలాల గట్ల మీద ఆ రాళ్ళు ఇప్పటికీ కనబడతాయి. చాలావాటి కథ ఒకటే: ఆలమంద కోసం పోరు, వీరుడి మరణం, స్వర్గంలో అప్సరసల స్వాగతం. వీరుడికి రాయి దక్కింది. కుక్కకు కూడా దక్కింది. మంద తిరిగి వచ్చినా తండ్రి తిరిగి రాని ఆ సాయంకాలం, గుమ్మంలో నిలబడి చూసిన పసివాడి గురించి మాత్రం ఏ రాయీ మాట్లాడదు.

మా జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే భారతం ఉత్సవాలూ అంతే. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి భీముడు కూల్చడం, అగ్నిగుండం, పట్టాభిషేకం. చాలా ఊళ్ళలో కథ అక్కడితో సమాప్తం. యుద్ధం తర్వాత బతికి ఉన్నవాళ్ళ దుఃఖం, చిట్టచివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఆటలోకి రావు. అన్నదమ్ములూ భార్యా ఒక్కొక్కరుగా పడిపోయాక మిగిలిన ఆ ఒక్క తోడును వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. ఆ కుక్క చేసిన ఘనకార్యమేమీ లేదు. కరవలేదు, వేటాడలేదు. తోడుగా నడిచింది, అంతే. ఈ రకం కుక్క విలువ లోకానికి తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది.

ఇక మా ఇంటి సంగతి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. అదే నెల 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట మండలంలో ఊళ్ళే కొట్టుకుపోయాయి. ఆ విషాదంతో పోలిస్తే మాకు జరిగింది ఏపాటి? మా అక్క వాళ్ళ ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. ఎనిమిదేళ్ళ మేనల్లుడు చీకట్లో మంచం మీద నిలబడి, వంటింటి గిన్నెలు తేలిపోతుంటే చూస్తూ రాత్రంతా గడిపాడు. ప్రాణనష్టం లేదు గనుక గండం గడిచిందనుకున్నాం. నెల తిరిగేసరికి వాడు మాటలు తగ్గించాడు. మబ్బు పడితే వణికేవాడు. పక్క తడిపేవాడు. కుళాయి చప్పుడైనా చెవులు మూసుకునేవాడు.

"బిడ్డ బెదురుకోనుండాడు, మంత్రం ఏయించుకోని రాపో" అన్నది అమ్మ. దడుపు, బెదురు అన్న మాటలు మన భాషలో ఎప్పటినుంచో ఉన్నాయి. దిష్టి తీసేవాళ్ళు, అంత్రం కట్టేవాళ్ళు ఉన్నారు. జబ్బును మనవాళ్ళు గుర్తించలేదనడం తప్పు. గుర్తించారు. అది కొన్నాళ్ళకు దానంతట అదే పోతుందనుకోవడమే పొరపాటు.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. పిల్లలు త్వరగా మరచిపోతారని పాశ్చాత్య వైద్యులూ చాలాకాలం నమ్మారు. 1976 జూలైలో కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే ఊళ్ళో 26 మంది బడిపిల్లలను బస్సుతో సహా అపహరించి, నేలలో పూడ్చిన లారీ పెట్టెలో బంధించారు. డ్రైవరుతో కలిసి పిల్లలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు ఆ పిల్లలను కలిసి, ఏళ్ళ తరబడి గమనించింది. నాలుగేళ్ళ తర్వాత కూడా ప్రతి ఒక్కరిలోనూ ఆ గాయం ఛాయలు కనబడ్డాయి. వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికుల మూలంగా 1980లో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరు అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఎక్కింది. ఆరేళ్ళు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకు విడిగా లక్షణాల పట్టిక చేరింది 2013లో. ముందు సైనికుడు, ఆనక పసివాడు. ఎప్పుడూ ఇదే వరస.

కుక్కల కథలోనూ వరస అదే. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మార్గదర్శక శునకాల శిక్షణాలయం వెలిసింది. 1929లో అమెరికాలో సీయింగ్ ఐ సంస్థ మొదలయింది. 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని పాలింగ్‌లో, కోలుకుంటున్న వైమానిక దళ సైనికులకు కుక్కలను తోడుగా ఇచ్చారు. పిల్లల వంతు రావడానికి ఒక యాదృచ్ఛిక ఘటన జరగవలసి వచ్చింది. 1953లో బోరిస్ లెవిన్సన్ అనే మనస్తత్వవేత్త దగ్గరికి, ఎవరితోనూ కలవని ఒక పిల్లవాణ్ణి తల్లిదండ్రులు చెప్పిన వేళకన్నా చాలా ముందుగా తీసుకువచ్చారు. ఆయన పెంపుడు కుక్క జింగిల్స్ ఆ వేళ గదిలోనే ఉంది. పరుగున వచ్చి పిల్లవాణ్ణి నాకింది. వాడు దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. మళ్ళీ వచ్చి కుక్కతో ఆడుకుంటానన్నాడు. 1961లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సభలో లెవిన్సన్ ఈ సంగతి చెబితే, మీ ఫీజులో కుక్క వాటా ఎంత అని ఎగతాళి చేసినవాళ్ళున్నారట. ఆయన వెనక్కి తగ్గలేదు. 1969లో ఈ పద్ధతి మీద ఏకంగా పుస్తకమే వేశాడు.

ఆ తర్వాత దారి విశాలమైంది. 2003 నుంచి అమెరికాలోని సియాటిల్‌లో, న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పవలసిన పిల్లల పక్కన కుక్కను కూర్చోబెట్టడం మొదలయింది. 2012 డిసెంబరులో న్యూటౌన్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు తుపాకీకి బలైనప్పుడు, మిగిలిన పిల్లల కోసం దూరప్రాంతాల నుంచి గోల్డెన్ రిట్రీవర్లను తీసుకువచ్చారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అందరినీ పలకరించి ఊరడించే కుక్క వేరు, ఒక్కరి కోసమే శిక్షణ పొందిన సేవాశునకం వేరు. రెండవది పీడకల వస్తే నిద్రలేపుతుంది, వణుకు మొదలైతే ఒడిలో బరువుగా వాలుతుంది, జనంలో చుట్టూ కాస్త ఎడం ఉండేటట్టు నిలబడుతుంది. అలా తయారుచేయడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. చిన్నపిల్లల విషయంలో కుక్క బాధ్యత పెద్దవాళ్ళే చూసుకోవాలి. కుక్కా మనిషీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాను శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. అయినా ఇదేమీ మంత్రం కాదు. పిల్లల చేత మెల్లమెల్లగా మాట్లాడించి భయాన్ని దించే మానసిక చికిత్సే ప్రధానం. కుక్క ఆ చికిత్సకు తోడు, దానికి బదులు కాదు.

మన వీధుల సంగతి విస్మరిస్తే ఈ మాటలన్నీ గాలిమేడలే. ప్రపంచంలో రేబిస్ మరణాలలో మూడోవంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాటిలో పిల్లలు చాలామంది. మనదగ్గర ఎందరో పిల్లలకు కుక్కే బెదురుకు కారణం. 2001లోనూ 2023లోనూ వచ్చిన కుక్కల జనన నియంత్రణ నియమాలు ఆపరేషనూ టీకా తప్పనిసరి అన్నాయి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల నుంచి వీధికుక్కలను తొలగించమన్నది. బిడ్డను కుక్క కరిచిన తల్లి దగ్గర జింగిల్స్ కథ చెప్పే ధైర్యం నాకు లేదు.

మా అక్కకూ అదే భయం. వాన రాత్రి మేడమెట్ల మీదికి ఎక్కి ప్రాణం దక్కించుకున్న ఒక గోధుమరంగు వీధికుక్క నీళ్ళు తీసినా కదల్లేదు. తరమబోతే మేనల్లుడు అడ్డుపడ్డాడు. చాలా రోజుల తర్వాత వాడు గట్టిగా మాట్లాడింది అప్పుడే. పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి టీకాలు వేయించాం. మణి అని వాడే పేరు పెట్టాడు. మరోపక్క పిల్లల మానసిక వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి నెలల తరబడి తిరిగాం. ఒక మధ్యాహ్నం మెట్ల మీద వాడు మణికి ఆ రాత్రి కథ చెబుతుంటే అక్క తలుపు చాటున నిలబడి విన్నది. గిన్నెలు తేలడం, కరెంటు పోవడం, నాన్న కేకలు, అన్నీ వరసగా చెప్పాడు. "నువ్వూ తడిసిపోయినావు కదా" అన్నాడు చివర్న. డాక్టరుకు చెబితే, ఆ తర్వాతి వారం ఆయన వాణ్ణి మణి కథ చెప్పమన్నాడు. అక్కడినుంచి దారి దొరికింది. పూర్తిగా తేరుకోవడానికి ఏడాది పైనే పట్టింది.

తిరుపతిలో 1955 నాటి పశువైద్య కళాశాల ఉంది, 2005 నుంచి దానికొక విశ్వవిద్యాలయమే ఉంది. 1960 నాటి వైద్య కళాశాల ఉంది. 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. పశువులను ఎరిగినవాళ్ళు, పిల్లల ఒంటిని ఎరిగినవాళ్ళు, మనసును చదివినవాళ్ళు ఒక్క ఊళ్ళోనే ఉన్నారు. వరదలో, బస్సు ప్రమాదంలో, తొక్కిసలాటలో బతికి బయటపడిన ప్రతి బిడ్డనూ నెల తర్వాత ఒకసారి పిలిచి చూడడం మొదటి పని. ఆరోగ్యంగా, సాధువుగా ఉన్న నాలుగు కుక్కలను ఎంచి, శిక్షణ ఇచ్చి, ఆ గదిలో కూర్చోబెట్టడం రెండవది. రెండూ అసాధ్యమైన పనులు కావు.

మణి ఇప్పటికీ ఆ మెట్ల మీదే పడుకుంటుంది. దొంగను పట్టిందీ లేదు, పందిని చంపిందీ లేదు. దానికి ఎవరూ రాయి నిలపరు. అందుకే ఈ నాలుగు మాటలు.