పొన్పాడి చెక్‌పోస్టు ఏమడిగింది?

అత్తిమంజేరిపేట తమిళనాడులో ఉంది, నగరి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రెండు ఊళ్ళలోనూ వీధి వెంట నడిస్తే చెవిన పడేది మరమగ్గాల చప్పుడే. నూలు, రంగు, పడుగు, లుంగీ తాను, ఆడికృత్తికకు తిరుత్తణి కావడి, ఏడాదికోసారి తిరుమల మొక్కు: రెండు ఊళ్ళ బతుకూ ఈ మాటల చుట్టూనే తిరుగుతుంది. మధ్యలో ఒక రాష్ట్ర సరిహద్దు పడింది. తిరుత్తణి నుంచి నగరి మీదుగా తిరుపతి వెళ్ళే దారిలో, పొన్పాడి దగ్గర లారీలు ఆగే చోటును తెలుగువాళ్ళు చెక్‌పోస్టు అన్నారు, తమిళంలో దాని పేరు సోదనై చావడి. భాషల మధ్య గీసిన గీతను కాసే చోటికి రెండు భాషలకూ చెందిన చావడి అన్న పాత మాట పేరుగా మిగలడం గమనించదగ్గ సంగతి. ఎందుకంటే ఆ చావడి ఏనాడూ ఎవరినీ నీ భాష ఏమిటని అడగలేదు. నీ బండిలో ఏముంది, కాగితాలున్నాయా అని అడిగింది. అందుకే దాని చరిత్రను భాషా ఉద్యమాల పుస్తకంలో కంటే పన్నుల పుస్తకంలో వెతకాలన్నది నా వాదన.

దారిలో సరుకును ఆపి సుంకం గుంజడం ఈ నేలకు కొత్త కాదు. పాలెగాళ్ళ కాలంలోనూ కంపెనీ కాలంలోనూ సుంకపు చావళ్ళు దాటకుండా నూలు మూట కదిలేది కాదు. మద్రాసు రాజధానిలో ఈ లోపలి సుంకాలను 1844లో ఆరవ చట్టం ఎత్తేసింది. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా తిరుత్తణికీ నగరికీ మధ్య సరుకును నిలిపే రాష్ట్రపు గేటన్నదే లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి తాలూకా అందులో చేరింది. కార్వేటినగరం జమీందారీ కింద ఒకటిగా మెలిగిన ఊళ్ళు ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. సరిహద్దు అనాదిగా ఉందనుకునే వారు ఈ నూరేళ్ళను లెక్కలోకి తీసుకోరు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు చిత్తూరు జిల్లా మొత్తం, తిరుత్తణితో సహా, ఆంధ్రలోకి వచ్చింది. మద్రాసు మనదే అని తెలుగువాళ్ళు ఎంత గట్టిగా అడిగారో, తిరుత్తణి తమదని మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు అంతే గట్టిగా అడిగారు. రెండు ప్రభుత్వాల మధ్య మధ్యవర్తిగా వచ్చిన హరి వినాయక్ పటాస్కర్ గ్రామాన్ని కొలమానంగా తీసుకుని, ఏ భాషవాళ్ళు ఎక్కువ, ఊరు ఏ వైపుకు ఆనుకుని ఉంది అని చూశారు. 1959లో పార్లమెంటు చేసిన చట్టం 1960 ఏప్రిల్ 1న అమలైంది. తిరుత్తణి తాలూకాలో అధిక భాగం, అత్తిమంజేరిపేటతో సహా, మద్రాసు రాష్ట్రానికి పోయింది. సత్యవేడు ప్రాంతం చెంగల్పట్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. అంటే ఆరున్నరేళ్ళ పాటు ఈ మగ్గాల ఊరు ఆంధ్ర ఊరు, ఆ తర్వాత తమిళ ఊరు. మగ్గం ఉన్న చోటే ఉంది, సరిహద్దు దాని మీదుగా దాటిపోయింది. గ్రామమే కొలమానమైతే గ్రామంలో తక్కువగా ఉన్నవాళ్ళ గతేమిటన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు.

చెక్‌పోస్టుకు ప్రాణం పోసింది మాత్రం వేరే చట్టాలు. దేశంలో సాధారణ అమ్మకపు పన్నును మొదట తెచ్చింది మద్రాసు ప్రభుత్వమే, 1939లో. రాష్ట్రాలు విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 1957లో, మద్రాసు 1959లో తమ తమ అమ్మకపు పన్ను చట్టాలు చేసుకున్నాయి. రెంటిలోనూ దారి మీద తనిఖీ గేట్లు పెట్టే అధికారం రాసుకున్నారు. బట్ట విషయంలో మాత్రం ఒక వెసులుబాటు దొరికింది. 1957లో కేంద్రం బట్ట, చక్కెర, పొగాకుల మీద అదనపు ఎక్సైజు సుంకం వేసి, రాష్ట్రాలు వాటి మీద అమ్మకపు పన్ను మానుకునేలా ఏర్పాటు చేసింది. ఆ ఏర్పాటు నూలుకు గానీ, రంగులకు గానీ, మగ్గం సామానుకు గానీ వర్తించలేదు. కాబట్టి నేసిన తానుకంటే నేయవలసిన నూలుకే కాగితం బరువు ఎక్కువ. వే బిల్లు, డెలివరీ నోటు, రాష్ట్రం దాటే అమ్మకమైతే సి ఫారం. నేతగాడి కష్టానికి అవతల ఇంకో కష్టం, గుమాస్తా చేతిరాత మీద ఆధారపడింది. ఈ గేట్ల అధికారం ఎంత దూరం పోయిందో 1970లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెబుతుంది. కోయంబత్తూరు చెక్‌పోస్టు అధికారికీ కె.పి. అబ్దుల్లా సోదరులకూ నడిచిన కేసులో, కాగితాలు లేవన్న కారణంతో సరుకును జప్తు చేసే అధికారం అమ్మకపు పన్ను వేసే హక్కులో భాగం కాదని చెప్పి, మద్రాసు చట్టంలోని ఆ నిబంధనను కొట్టేసింది. బండిలో ఉన్నదంతా అమ్మకానికే అనుకునే అధికారం ఎవరికీ లేదన్నది ఆ తీర్పు సారం.

భాష పేరుతో గీత గీయకపోతే గేటే ఉండేది కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, గీత లేనిదే గేటు లేదు. కానీ గేటు దగ్గర రద్దీ, దొంగదారుల జోరు భాషాభిమానాన్ని బట్టి పెరిగి తరగలేదు, ధరల తేడాను బట్టి పెరిగి తరిగాయి. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, తమిళనాడు వైపు దుకాణాలు తెరిచే ఉన్నాయి. 1997 ఏప్రిల్‌లో నిషేధం ఎత్తేసే దాకా ఈ గేట్లు వెతికింది సీసాల కోసం. 2011 జూన్ నుంచి తమిళనాడు రేషన్ బియ్యం ఉచితంగా ఇవ్వసాగాక బియ్యం మూటలు ఉత్తరానికి నడిచాయి. తెలుగు, తమిళం అవే, మనుషులు వాళ్ళే. మారింది రెండు ప్రభుత్వాల ధర. అదే దారికి పక్కన అరక్కోణం-రేణిగుంట రైలు మార్గం ఉంది. 2019 దాకా దేశంలోకెల్లా పొడవైన పేరున్న స్టేషనైన వెంకటనరసింహరాజువారిపేట ఈ సరిహద్దు పక్కనే ఉంది. ఆ రైల్లో పోయే మనిషిని భాషా సరిహద్దు ఒక్క క్షణం కూడా ఆపలేదు.

గేటు లేకపోతే పన్ను ఎగ్గొట్టేవాళ్ళకు అడ్డెవరు అన్నది ఇంకో అభ్యంతరం. అది తేలిగ్గా తోసెయ్యదగ్గది కాదు. రాష్ట్ర ఖజానాతోనే బడులూ ఆస్పత్రులూ నడుస్తాయి. అయితే 2017 జూలై 1న జీఎస్టీ రాగానే పన్ను గేట్లను ఎత్తేశారు, 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు వచ్చింది. రేటు ఒకటైనప్పుడు గేటుతో పని తీరిపోయింది. పోలీసు తనిఖీ, అటవీ శాఖ తనిఖీ మిగిలాయి, వాటి లెక్క వేరు.

తూర్పు, పడమర బెర్లిన్‌ల మధ్య కాపలా గేటైన చెక్‌పాయింట్ చార్లీ మనిషిని నువ్వెవరని అడిగింది. 1990 జూన్ 22న ఆ గదిని తీసేశారు, ఇప్పుడది మ్యూజియం వస్తువు. మన గేట్లు అలాంటివి కావు, కాకూడదు కూడా. ఒకసారి మాత్రం ఆ దారి పట్టబోయాయి. 2020 ఏప్రిల్‌లో కరోనా పేరుతో వేలూరు జిల్లా అధికారులు గుడియాత్తం, పొన్నై వైపు ఆంధ్రకు పోయే రోడ్లకు అడ్డంగా గోడలు కట్టారు, విమర్శలు రావడంతో కొద్ది రోజులకే పడగొట్టారు. ఆంధ్రలోని కృష్ణాపురం జలాశయం గేట్లు తెరిస్తే తమిళనాడులోని పళ్ళిపట్టు మునిగే చోట, నదికి లేని గోడ మనిషికి కట్టడం తప్పే.

మరి భాష ప్రశ్న ఎక్కడ అడుగుతున్నారు? బడిలో. 2006లో తమిళనాడు చేసిన తమిళ బోధన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఆ వరుస 2015-16లో పదో తరగతికి చేరింది. తెలుగు బడి పిల్లలకు తమిళ పరీక్ష గుదిబండైంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాది పరీక్షకు భాషా అల్పసంఖ్యాక పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం పిల్లలకు మేలే, అందులో రెండో మాట లేదు. తమిళం రాని అత్తిమంజేరిపేట కుర్రాడికి తిరువళ్ళూరులో పని దొరకదు. కానీ అది తెలుగును తీసేసి కాదు, తెలుగు పక్కన చేర్చి నేర్పాలి. రాష్ట్రాలను భాషల వారీగా విడగొట్టిన 1956లోనే, ఆ మార్పులకు చేసిన రాజ్యాంగ సవరణలోనే, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని 350ఎ అధికరణం చేర్చారు. గీత గీసినవాళ్ళు ఇచ్చిన మాట అది. తిరుత్తణి, పళ్ళిపట్టు తాలూకాల్లో మిగిలిన తెలుగు బడులకు తెలుగు పంతుళ్ళను వేసి ఆ మాట నిలబెట్టాలని చెన్నైని అడగాలి, గీతకు ఇవతల ఉన్న తమిళ బడుల కోసం అమరావతినీ అడగాలి.